విశ్వకర్మ పూజకూ తుపానుకూ మధ్య ఇరవై నాలుగు రోజులు

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 17 దగ్గర పడుతోందంటే ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురంలో తాపీ, సెంట్రింగ్, వడ్రంగి, రాడ్ బెండింగ్ పనివాళ్ల సంఘాలు విశ్వకర్మ పూజ చందాలు మొదలుపెడతాయి. చాలాచోట్ల కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకునేదీ ఆ రోజుల్లోనే. పందిరి, మైకు, భోజనాలు పోగా మిగిలిన డబ్బుతో దుప్పట్లో, నోటుపుస్తకాలో పంచుతారు. మంచి పనే. కానీ దుప్పటి ఎవరైనా పంచగలరు. మేస్త్రీలు తప్ప ఇంకెవరూ చేయలేని సాయం ఒకటుంది, తుపాను రాకముందే పేదల రేకుల కప్పులు బిగించడం. దానికి అదను కూడా అదే.

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖను కొట్టింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. పూజ మర్నాటి నుంచి అక్టోబరు 11 వరకు లెక్కేస్తే 24 రోజులు. ఆ 24 రోజుల్లో ప్రతి సంఘమూ తన ఊళ్లో పేదల రేకుల కప్పులు బిగించి పెట్టాలని మేం కోరుతున్నాం.

రేకు ఎందుకు లేచిపోతుందో ముందు చెప్పాలి. పైనుంచి పోయే గాలి రేకును మీదికి లాగుతుంది. తలుపులోంచి, చూరు సందులోంచి దూరిన గాలి కింది నుంచి తోస్తుంది. ఈ రెండూ కలిసి ఎక్కువగా పనిచేసేది చూరు అంచునా, మూలలా. మన దగ్గర షీటుకు నాలుగు బోల్టులు వేసి వదిలేస్తారు. పైన రాళ్లు, ఇసుక బస్తాలు పెడతారు. రేకు అదరడం మొదలయ్యాక రాయి జారిపోతుంది, జారినచోట మనిషి ఉంటే ప్రమాదం.

ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, ఒకవైపు వాలు ఉన్న ఇల్లు తీసుకుందాం. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) ముడతల రేకు, ముడతకూ ముడతకూ మధ్య మూడంగుళాలు. కింద మూడడుగులకొకటి చొప్పున అయిదు పర్లిన్లు, అంటే రేకును మోసే అడ్డదూలాలు. చూరు దగ్గరా, పై అంచు దగ్గరా ముడత విడిచి ముడతకు, అంటే ఆరంగుళాలకొక బోల్టు పడాలి. అలా వరుసకు 41. మధ్య మూడు వరుసల్లో నాలుగు ముడతలకొకటి, అంటే అడుగుకొకటి చొప్పున వరుసకు 21. అన్నీ కలిపితే 145, చేతిలో 160 ఉంచుకోవాలి. కొక్కెంలా వంగిన 8 ఎం.ఎం. జె బోల్టు, తారు వాషరు, దానిపైన జీఐ వాషరు. కన్నం ముడత నెత్తిమీదే పెట్టాలి. పల్లంలో పెడితే నీరు దిగి మొదటి వానకే ఇల్లు కారుతుంది. కన్నం డ్రిల్లుతోనే వేయాలి. మేకుతో పొడిస్తే రేకు చిరుగుతుంది, గాలి లాగినప్పుడు ఆ చిరుగే పెద్దదవుతుంది. నట్టు మరీ బిగిస్తే ముడత నొక్కుకుపోయి నీరు నిలుస్తుంది. వాషరు కదలకుండా ఆగితే చాలు. పక్క రేకు మీద ఒకటిన్నర ముడత, పైరేకు కిందిరేకు మీద ఆరంగుళాలు ఎక్కాలి. గాలి తాకని వైపు నుంచి పరుచుకుంటూ వస్తే అతుకుల్లోకి గాలి దూరదు. చూరు ఒకటిన్నర అడుగు దాటి ముందుకు రాకూడదు.

ఇంత చేసినా పర్లిన్ గోడమీద ఊరికే ఆని ఉంటే కప్పు మొత్తంగా లేచిపోతుంది. అందుకే 24 రోజుల్లో మొదటి పని లంగర్లు, అంటే పర్లిన్‌ను గోడకు పట్టి ఉంచే రాడ్లు. ఇటుక గోడలో పర్లిన్ ఆనే ప్రతిచోటా ఒకటిన్నర అడుగు లోతుకు ఇటుకలు తీసి, కింద ఎల్ ఆకారంలో వంచి పైన మరలు కోసిన 12 ఎం.ఎం. రాడ్డు దించి, 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు నింపాలి. ఇప్పుడు దొరికేది ఎక్కువగా నెమ్మదిగా గట్టిపడే పీపీసీ రకం సిమెంటు కాబట్టి పది రోజులు తడపాలి. ఆ పది రోజులూ దానిమీద భారం వేయకూడదు. లంగర్లు సెప్టెంబరు 26 లోపు పడితేనే అక్టోబరు మొదటి వారంలో బోల్టులు బిగించగలం. మట్టిగోడలో కాంక్రీటు లంగరు నిలవదు. అక్కడ గోడను నమ్ముకోకుండా నేలలో మూడడుగులు పాతిన గుంజలకు పర్లిన్లు కట్టాలి.

పైకెక్కే ముందు చూడాల్సినవి రెండు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు రేకుకు ఆనుకుని ఉంటే కరెంటు ఆఫీసువాళ్లతో స్తంభం దగ్గరే సరఫరా తీయించి, వైరు పక్కకు కట్టించాలి. సిమెంటు రేకైతే దానిమీద అడుగు పెట్టొద్దు. పర్లిన్ల మీద ఆనేలా పలక వేసి పలకమీదే నడవాలి, నడుముకు బెల్టు, తాడు ఉండాలి. పాత సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ ఉంటుంది, పొడిగా కోస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగుతుంది. తడిపి, చేతి రంపంతో కోయాలి.

ఇక నాయకత్వం. లండన్ సిటీలో లివరీ కంపెనీలని ఉన్నాయి. పేరుకు కంపెనీలే గానీ అవి చేతిపనుల వాళ్ల పాత సంఘాలు. వడ్రంగుల కంపెనీకి 1477లో, పెంకు పరిచేవాళ్లు, ఇటుక పేర్చేవాళ్ల కంపెనీకి 1568లో రాచ అనుమతి పత్రం (చార్టర్) వచ్చింది. నిర్మాణ రంగంవాళ్ల కన్‌స్ట్రక్టర్స్ కంపెనీకి లివరీ హోదా వచ్చింది 1990లోనే. 1878లో సిటీ కార్పొరేషనూ పదహారు కంపెనీలూ కలిసి సాంకేతిక విద్య కోసం సిటీ అండ్ గిల్డ్స్ సంస్థను పెట్టాయి. 1893లో వడ్రంగుల కంపెనీ భవన నిర్మాణ పనులు నేర్పే కళాశాల తెరిచింది. వాళ్ల పద్ధతుల్లో మనం తెచ్చుకోవాల్సినవి మూడున్నాయి. పెద్ద, అంటే మాస్టర్, పదవిలో ఉండేది ఒక్క ఏడాది. ఆ కుర్చీ ఎక్కేలోపు దాని కింది పదవిలో, వార్డెన్‌గా, పనిచేసి అన్నీ తెలుసుకుంటాడు. లెక్కలూ రికార్డులూ చూసే గుమస్తా మాత్రం మాస్టర్లు మారినా కొనసాగుతాడు. దానధర్మాల డబ్బు సంఘం ఖాతాలో కలవకుండా వేరే ట్రస్టులో ఉంటుంది.

మన సంఘాలు చెడేది సరిగ్గా ఈ మూడు చోట్లే. ఒకే మనిషి పదేళ్లు అధ్యక్షుడిగా ఉంటే పాసుపుస్తకం ఆయన బీరువాలోనే ఉండిపోతుంది. సభ్యుడు పరంజా మీంచి పడితే ఇవ్వాల్సిన సాయం, బయటి పేదలకు చేసే దానం ఒకే ఖాతాలో ఉంటే ఈ ఏడాది పూజ ఘనంగా జరిగిందని మురిసేలోపు చావు ఖర్చుకు రూపాయి ఉండదు. రెండు ఖాతాలు తెరవాలి. రెండింటికీ ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉండాలి, ఆ ముగ్గురిలో అన్నదమ్ములు, బావాబావమరుదులు ఉండకూడదు. ఇళ్లు ఎంచడానికి ఆ వీధివాళ్లు కాని ఇద్దరు వెళ్లాలి. ఒంటరి స్త్రీలు, మంచం పట్టినవాళ్లు ఉన్న ఇళ్లు ముందు. ఉన్న కప్పు బిగించడమే కాబట్టి పట్టా ఉందా లేదా అని అడగక్కర్లేదు.

సామాను దానం తీసుకునేటప్పుడు మొహమాటం పనికిరాదు. కాంట్రాక్టర్లు మిగిలిన సిమెంటు బస్తాలు పంపుతారు. బస్తామీద తయారైన వారం, ఏడాది అచ్చేసి ఉంటాయి. మూడు నెలలు దాటితే లంగర్లకు వాడొద్దు. దాటకపోయినా బస్తా విప్పి చెయ్యి పెట్టి చూడండి, మంచి సిమెంటు చల్లగా తగులుతుంది. ఉండలుంటే రెండు వేళ్లతో నలపండి. పొడి అయిపోతే సరే, నలగకపోతే ఆ బస్తా వెనక్కి పంపేయండి. నగదు దాతలకు ఒక మాట: పన్ను మినహాయింపు కావాలంటే రెండు వేలు దాటిన మొత్తం బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, ట్రస్టుకు అందుకు ఆదాయపు పన్ను శాఖ అనుమతి ఉండాలి.

ఆంధ్ర సరిహద్దున ఉన్న మా జిల్లాలకే ప్రత్యేకమైన సేవ ఇంకొకటి ఉంది, భవన కార్మికుల కార్డులు, అంటే ప్రభుత్వ సంక్షేమ బోర్డులో సభ్యత్వం. భవన కార్మికుల సంక్షేమం కోసం వచ్చిన 1996 చట్టాలతో మొదలై నిర్మాణ ఖర్చుమీద ఒక శాతం సెస్సు వసూలవుతోంది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్ల కోసమే అది. మనవాళ్లకు అందకుండా పోయేది పేరు దగ్గర. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా పద్ధతిలో చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా పడితే డబ్బు ఖాతాలో పడదు. ఒడియా ఫారం చదవలేక తండ్రి పేరున్న గడిలో భర్త పేరు రాస్తారు. 1996 చట్టం ప్రకారమైతే ఏడాదిపాటు చందా కట్టకపోతే సభ్యత్వమే పోతుంది. ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవాళ్లు రెండు రాష్ట్రాల్లో రెండు కార్డులు పెట్టుకోకూడదు. ఒడియా, తెలుగు రెండూ రాయగల కుర్రాణ్ణి ప్రతి ఆదివారం రెండు గంటలు సంఘం గదిలో కూర్చోబెడితే ఈ చిక్కులన్నీ దరఖాస్తు దశలోనే విడిపోతాయి.

అక్టోబరు రాకముందే మీ జిల్లా పేజీలో బోల్టుల కొలతలు, లంగరు లోతు పెద్ద అక్షరాల్లో వేయమని కోరుతున్నాం. ఒడియాలో కూడా పక్కనే వేస్తే కొండ ఊళ్లలో పనిచేసే మేస్త్రీలకు చేరుతుంది.

ఇట్లు,
కొందరు తాపీ, సెంట్రింగ్ మేస్త్రీలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా