ఆమె మెడకు ఒక్క వాక్యమేనా?
ముందే రాసుకున్న నాటకం కాబట్టి ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో దెబ్బలు కూడా నటనేనన్న చిన్నచూపుతో మహిళా రెజ్లర్ల గురించి రాయడం సరికాదు. ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో రెజ్లర్ల ఇంట పుట్టి, 13వ ఏటే బరిలోకి దిగి, 2014 ఏప్రిల్‌లో ఏజే లీని ఓడించి 21 ఏళ్లకే అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో మహిళలకిచ్చే డివాస్ టైటిల్ గెలిచిన పేజ్ (సరయా బెవిస్) గురించి ఈమధ్య చదివిన ఒక కథనంలో సగం ఆమె సొంత జీవితపు గొడవలే. మెడ గాయానికి దక్కింది ఒకే ఒక్క వాక్యం. 2016లో మెడకు శస్త్రచికిత్స చేయించుకుని, ఏడాది దాటాక తిరిగి వచ్చిన ఆమెకు 2017 డిసెంబరులోనే న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్‌డేల్‌లో వీపు మీద తన్ను తగలడం, ముందుకు కూలిపోవడం, రిఫరీ పోటీని ఆపేయడం నేను వీడియోలో చూశాను. అందులో నటన నాకెక్కడా కనిపించలేదు. 2018 ఏప్రిల్‌లో, 25 ఏళ్లకే, ఆమె రిటైర్మెంట్ ప్రకటించారు. తర్వాత మరో అమెరికా రెజ్లింగ్ సంస్థ ఏఈడబ్ల్యూలో చేరి 2023 ఆగస్టులో లండన్ వెంబ్లీ స్టేడియంలో సొంత దేశస్థుల ముందు టైటిల్ గెలిచారు, అది వేరే సంగతి. రెజ్లర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా లెక్కగట్టే డబ్ల్యూడబ్ల్యూఈ వారిని ఉద్యోగులుగా గుర్తించాలి. మెడకు, తలకు దెబ్బ తగిలినవారిని సంస్థతో సంబంధం లేని వైద్యులు అనుమతించాకే బరిలోకి దించాలి. క్రీడా పుటలు రాసేవారు ఈ ప్రశ్నలు అడగాలి.
– ఒక పాఠకురాలు, విజయవాడ