కార్నియా మార్చాక కూడా కాపలా కావాలి

సంపాదకులకు,

నేత్రదానం గురించి పత్రికల్లో తరచూ రాస్తారు, సంతోషం. అలా దానంగా వచ్చిన కార్నియా (కంటి ముందు భాగంలోని పారదర్శకమైన పొర) పెట్టించుకున్నవాళ్ల తర్వాతి సంగతే ఎక్కడా కనిపించదు. మా ఆయనకు ఆపరేషన్ అయి రెండేళ్లు దాటాక ఓ పొద్దున కన్ను ఎర్రబడింది. ట్యూబ్‌లైట్ వెలుతురుకే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కళ్లకలకేలే అని మందుల షాపులో చుక్కలు తెచ్చుకునేవాళ్లు ఎందరో! మేం నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. శరీరం ఆ పొరను పరాయిదనుకుని దాడి మొదలుపెట్టిందట. గంటగంటకీ స్టిరాయిడ్ చుక్కలు వేయమన్నారు. రాత్రిళ్లు అలారం పెట్టుకుని నేనే వేశాను. చూపు దక్కింది.

కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి ఇలాంటి దాడి, అంటే రిజెక్షన్ ముప్పు మిగతా అవయవాలకన్నా తక్కువే. కానీ ఏళ్లు గడిచాకా రావచ్చు. లోపలి పొరలోని కణాలు పోతే మళ్లీ పుట్టవు, ఆలస్యం పనికిరాదు. అలాగని స్టిరాయిడ్ సొంతంగా వాడితే కంట్లో ప్రెషర్ పెరిగే ప్రమాదముంది.

ఎరుపు, నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం... ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు రమ్మని డిశ్చార్జి కాగితం మొదట్లోనే పెద్ద అక్షరాలతో, రోగికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. మాకిచ్చిన దాంట్లో అది చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చదవాల్సింది కంటి రోగి అని ఎవరికీ తట్టలేదు కాబోలు!

– ఒక పాఠకురాలు