పెన్నా ఒడ్డున ఒక్క పాత మిల్లునైనా మిగల్చండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నెల్లూరు మొలగొలుకుల గురించి అందరం గొప్పగా చెప్పుకుంటాం, మరి ఆ బియ్యం ఆడించిన పాత మిల్లుల ఊసు ఎవరూ ఎత్తరేం? 1855లో పెన్నా మీద ఆనకట్ట కట్టాక డెల్టాలో వరి పెరిగింది, ఆ వడ్లే మా ఊళ్ళోని స్టోన్‌హౌస్‌పేట వైపు మిల్లులకి బండ్లలో వచ్చేవి. ఇప్పుడు ఆ మిల్లులు ఒక్కొక్కటే ప్లాట్లయిపోతున్నాయి.

ఉప్పుడు బియ్యం ఎలా తయారవుతుందో ఈ తరం పిల్లలు చూడనే లేదు. వడ్లు తొట్లలో నానబెట్టి, ఆవిరితో ఉడికించి, సిమెంటు కళ్ళాల మీద ఆరబోస్తే ఆడవాళ్ళు ఎర్రటి ఎండలో కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేసేవాళ్ళు, ఆరాక హల్లర్‌లో, అంటే వడ్ల పొట్టు తీసే యంత్రంలో, పోసేవాళ్ళు. ఏదీ వృథా పోయేది కాదు, ఊక బాయిలర్‌కి, తవుడు గేదెలకి. ఊక బూడిద ఇళ్ళ మీద పడి చుట్టుపక్కల వాళ్ళు ఇబ్బంది పడ్డారు, అదీ నిజమే. నడిచే మిల్లుల్ని ఊళ్ళో ఉంచమని నేను అడగట్లేదు.

అధికారులకి నా విన్నపం ఒకటే: మూతపడిన వాటిలో ఒక్కదాన్ని పొగగొట్టం, బెల్టులు, హల్లర్లతో సహా కొని మ్యూజియం చెయ్యండి. అక్కడ పనిచేసిన కూలీల మాటలు కూడా రికార్డు చెయ్యాలి, వాళ్ళకి వయసైపోతోంది. అదీ కుదరదంటే, కూల్చడానికి అనుమతి ఇచ్చేముందు ఫొటోలు, కొలతలైనా తీయించండి.

– ఒక పాఠకుడు, నవాబుపేట, నెల్లూరు