గడ్డి నేలల పక్షుల్ని కూడా పట్టించుకోండి

సంపాదకులకు,

వలస పక్షులంటే మనకు కొల్లేరు, పులికాట్, నేలపట్టే గుర్తొస్తాయి. గడ్డి నేలలున్న నంద్యాల జిల్లా రోళ్లపాడుకు కూడా చలికాలంలో కజకిస్తాన్ వైపు నుంచి హారియర్ గద్దలు వస్తాయి. పగలంతా చేల మీద బాగా కిందగా ఎగురుతూ మిడతల్ని, ఎలుకల్ని పట్టి తింటాయి, చీకటి పడే వేళకు గుంపుగా చేరి గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. గడ్డి లేకపోతే వాటికి రాత్రి తలదాచుకునే చోటే లేదు.

కజకిస్తాన్ 'అల్తిన్ దాలా' పేరుతో దాదాపు 20 ఏళ్లుగా బయటి దేశాల సంస్థలతో కలిసి తన గడ్డి మైదానాలను కాపాడుకుంటోంది, ఒకప్పుడు వేలల్లోకి పడిపోయిన సైగా జింకలు అక్కడిప్పుడు లక్షల్లో ఉన్నాయి. మన దగ్గర మాత్రం గడ్డి నేల రికార్డుల్లో బంజరు కిందే పడుతుంది. సోలార్ ప్లాంటుకైనా ఫ్యాక్టరీకైనా అధికారులు ముందు చూపించేది దాన్నే. సోలార్ వద్దని నేననను, భూమి ఇచ్చేముందు అక్కడ ఏ పక్షులు దిగుతున్నాయో చూడమంటున్నాను, అంతే.

రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు, అదీ 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకే. చుట్టూ కాలువ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి (రైతును తప్పుపట్టలేం, నీళ్లొస్తే ఎవరైనా అదే చేస్తారు), ఇప్పుడక్కడ ఆ పిట్ట కనిపించడమే గగనం. 2020లో గాంధీనగర్‌లో జరిగిన వలస జీవుల సదస్సులో దాని బొమ్మనే గుర్తుగా పెట్టుకున్నాం, అంతర్జాతీయ ఒప్పందంలో గట్టి రక్షణ ఉండే జాబితాలోకి కూడా ఎక్కించాం. అది బతికే నేలను వదిలేశాక జాబితాలో పేరుండి ఏం లాభం?

2024లో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో జరిగిన తర్వాతి వలస జీవుల సదస్సులో, పక్షులు వచ్చిపోయే మధ్య ఆసియా వలస మార్గంలోని 30 దేశాల పనిని సమన్వయం చేసే బాధ్యత భారత్ తీసుకుంది. ఈ మార్గానికి ఉన్న పాత ప్రణాళిక నీటి పక్షుల కోసం రాసింది. గడ్డి నేలల పక్షులకూ అందులో చోటు కావాలని మన రాష్ట్రమే గట్టిగా అడగాలి. 2026ని పచ్చిక బయళ్లు, పశుపోషకుల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది కూడా. గొర్రెల కాపరుల్ని తరిమేసి గడ్డిని కాపాడలేం, ఏ గడ్డి ఎప్పుడు పెరుగుతుందో వాళ్లకే బాగా తెలుసు కాబట్టి వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి.

మీ పత్రిక డిసెంబరులో ఒక విలేఖరిని పంపి, అభయారణ్యం బయట గద్దలు దిగే భూములు ఎవరి పేరున ఉన్నాయో, వాటిని ఎవరికైనా కేటాయించారేమో రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నందికొట్కూరు