భీమిలి తోడేళ్ల గురించి చిట్టికి

విట్బీ, ఇంగ్లండ్
నవంబరు, ఆదివారం

చిరంజీవి చిట్టికి,

పిన్ని ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ, నాన్న, అమ్మమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారైనా వివరంగా రాయి. ఫోనులో అడిగితే ఆవిడ ఎప్పుడూ బాగానే ఉందంటుంది.

నీ కథ అందింది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, నిద్ర పక్కన పెట్టి, ఏకబిగిన చదివేశాను. పావురాలకొండ మీద తోడేలు మనుషులు, డచ్చివాళ్ల సమాధుల్లో రక్తపిశాచులు, నడుమ మన భీమిలి. గోస్తని సముద్రంలో కలిసే చోట వల ఆరబెట్టుకుంటున్న ముసలాయన తడి ఇసుకలో తోడేలు అడుగుజాడ చూస్తాడు. దాన్ని అరచేత్తో చెరిపేసి, వల భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. అక్కడ నేను ఆగిపోయాను. ఆయన ఎందుకు చెరిపేశాడో నువ్వు చెప్పలేదు. చెప్పకపోవడమే బాగుంది.

కానీ పున్నమి రాత్రి లైట్‌హౌసు కింద ఆ రెండు వర్గాలూ ఎందుకు కొట్టుకుంటున్నాయో మాత్రం నాకు అందలేదు. వాళ్లు ఆదినుంచీ శత్రువులని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అక్కడే నీతో నాకు పేచీ. ఈ ఉత్తరమంతా దాని గురించే.

నేను ఉంటున్నది నవలలో డ్రాక్యులా అనే రక్తపిశాచి ఓడ దిగిన ఊళ్లోనే. ఎస్క్ నది ఈ ఊరిని రెండుగా చీల్చి సముద్రంలో కలుస్తుంది. తూర్పున కొండ మీదికి 199 మెట్లు. పైన చర్చి, దాని వెనక పైకప్పు లేని పాత మఠం. చర్చి చుట్టూ ఉన్న సమాధిరాళ్ల మీద అక్షరాలను ఉప్పుగాలి తినేసింది. మొదటిసారి ఆ మెట్లెక్కి వాటి మధ్య నిలబడినప్పుడు, ఎక్కడికో వచ్చాననిపించలేదు, భీమిలిలోనే ఉన్నాననిపించింది.

1890 వేసవిలో ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ ఇక్కడికి వచ్చి బస చేశాడు. డ్రాక్యులా అన్న పేరు ఆయనకు ఈ ఊరి గ్రంథాలయంలోని ఒక పాత పుస్తకంలో దొరికింది. అంతకు ఐదేళ్ల ముందు, 1885 అక్టోబరులో, దిమిత్రీ అనే రష్యా ఓడ తుపానుకు ఇక్కడి ఇసుక మీదికి కొట్టుకువచ్చింది. ఆ సంగతీ ఆయన రాసిపెట్టుకున్నాడు. 2020 అక్టోబరులో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికెక్కిన బంగ్లాదేశ్ ఓడ గుర్తుందా? ఊరంతా దాన్ని చూడడానికి కదిలింది. అలాంటి ఓడ ఒక్కటి చాలు, చూసిన మనిషికి కథ తడుతుంది. 1897లో వచ్చిన ఆయన నవలలో ఆ ఓడకు పేరు మారింది. చుక్కానికి కట్టేసి ఉన్న కెప్టెన్ శవంతో ఓడ ఒడ్డుకు తాకగానే, లోపలి నుంచి ఒక పెద్ద కుక్క పైకి ఉరికి, ఇసుక మీదికి దూకి, కొండవైపు చీకట్లో కలిసిపోతుంది.

చిట్టీ, ఆ కుక్కే డ్రాక్యులా. ఆ నవలలో తోడేళ్లు అతనికి శత్రువులు కావు, అతని మాట వినే మంద. అతను తోడేలుగా మారగలడు. పగటిపూట లండన్ వీధుల్లో తిరగగలడు కూడా. ఎండ తగిలితే రక్తపిశాచి నశించిపోతుందన్నది తరువాత, 1922 నాటి ఒక జర్మన్ మూకీ సినిమాతో వ్యాపించిన సంగతి. నీ కథలో అది అనాదిగా వస్తున్న నియమమని రాశావు, దిద్దుకో.

ఇంకా వెనక్కి వెళ్తే మరీ విచిత్రం. సెర్బియా పల్లెల్లో రక్తపిశాచిని వుకొద్లాక్ అనేవారు. ఆ మాటకు అర్థం తోడేలు వెంట్రుకలు కలవాడని. మాట పుట్టింది తోడేలు మనిషికి, స్థిరపడింది సమాధిలోంచి లేచి వచ్చేవాడికి. అదే మాట గ్రీసుకు వెళ్లి వ్రికొలాకస్ అయింది. వుక్ అంటే తోడేలు. మన వృకమూ ఆ వుక్కూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. అంటే నువ్వు ఎదురెదురుగా నిలబెట్టి కొట్టించినవి రెండు జాతులు కావు, ఒకే భయానికి రెండు ముఖాలు.

ఆ భయం ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. విశాఖలో నర్సింగు చదివే రోజుల్లో పిచ్చికుక్క కరిచిన ఒక కుర్రవాడిని తీసుకొచ్చారు. కరిచి అప్పటికే చాలా రోజులైంది, వ్యాధి బయటపడిపోయింది. దాహం, దాహం అంటున్నాడు. స్టీలు గ్లాసుతో నీళ్లు పట్టుకువెళ్లాను. గ్లాసు ఇంకా పెదవులకు తాకనే లేదు, మెడ నరాలు తాళ్లలా బిగుసుకుపోయాయి, గొంతు లోపలికి పీక్కుపోయింది, చెయ్యి విసిరిన విసురుకు గ్లాసు గోడకు తగిలి సొట్టపడింది. ఫ్యాను గాలి సోకినా అంతే. నిద్ర లేదు. కాసేపటికి తెలివి వచ్చేది. పక్కనే కూర్చుని వాళ్లమ్మ చీర కొంగుతో అతని నోటి చొంగ తుడవబోతే, దగ్గరికి రావద్దమ్మా అని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ జరగలేదు. మేము పట్టుకుని జరిపాం. మర్నాడు పోయాడు.

కరిచిన వెంటనే సబ్బుతో పుండు కడిగి, టీకా వేయిస్తే బతికేవాడు. లక్షణాలు కనిపించాక ఇక్కడైనా అక్కడైనా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

1998లో స్పెయిన్‌కు చెందిన ఒక న్యూరాలజిస్టు, రక్తపిశాచుల గాథల వెనక ఈ వ్యాధే ఉండి ఉండవచ్చని ఒక వ్యాసం రాశాడు. కాటుతో అంటుకోవడం, రాత్రంతా నిద్రలేక తిరగడం, వెలుగునూ నీటినీ ఓర్వలేకపోవడం, మనిషి మృగంలా మీద పడడం. తోడేలుకూ రక్తపిశాచికీ ఒకే వ్యాధి సరిపోతోంది చూడు. అది చదివినప్పుడు నాకు గుర్తుకొచ్చినది ఏ రాక్షసుడూ కాదు, ఆ కుర్రవాడు మొహం కప్పుకున్న చేతులు.

ఇక మన ఊరి సంగతి. భీముడి పేరు మీద వెలసిన ఊరని పెద్దలు చెప్పేదే కదా. ఆ భీముడికి మరో పేరు వృకోదరుడు, తోడేలు కడుపువాడు. ఆయనే కురుక్షేత్రంలో దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగాడు. తోడేలూ నెత్తురు తాగినవాడూ ఒక్కడే, అదీ మన ఊరి పేరులోనే ఉన్నాడు! నువ్వు వాళ్లకోసం బయట వెతకనక్కర్లేదు. సగం మృగం, సగం మనిషి అయిన దేవుణ్ని సింహాచలంలో ఏడాది పొడవునా చందనం పూసి చల్లబరుస్తాం, అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపం చూస్తాం. అలాంటి ఉగ్రత్వాన్ని ఇంగ్లండు కథల్లో వెండి తూటాతో చంపాలనుకుంటారు.

యుద్ధం ముగిశాక గాంధారి భీముణ్ని నిలదీసిన ఘట్టం అమ్మమ్మ చేత మళ్లీ చెప్పించుకో. నా కొడుకు నెత్తురు తాగావా అని అడుగుతుంది ఆవిడ. అది పళ్లూ పెదవులూ దాటి లోపలికి పోలేదని భీముడు జవాబిస్తాడు. మా చిన్నప్పుడు అమ్మమ్మ ఆ మాట చెబుతూ తన పెదవుల మీద వేలు పెట్టి చూపించేది. అంతటి భీముడు, చచ్చినవాడి తల్లి ముందు నిలబడి లెక్క చెప్పుకోవలసి వచ్చింది. నీ కథలో తొమ్మిది పేజీల యుద్ధం ఉంది, ఇలా అడిగే తల్లి ఒక్కరూ లేరు.

అందుకే అడుగుతున్నాను, ఆ యుద్ధం తీసెయ్యి. పావురాలకొండ మీద బౌద్ధులు రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కదా. నీ తోడేలును దాహంతో అక్కడికి తీసుకువెళ్లు. వాన నీళ్లు నిండుగా ఉండాలి, వంగాలి, తాగలేకపోవాలి. ఎలా ఉంటుందో నేను రాసింది చదివావు కనుక నీకు తెలుసు. డచ్చి సమాధుల్లో దాక్కున్నది కూడా వాడే కావాలి, వేరే వాడు కాదు.

ముసలాయన అడుగుజాడ చెరిపిన ఘట్టాన్ని మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చకు. ఆ అడుగు ఎవరిదో ఆయనకు తెలుసని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆయన వల భుజాన వేసుకుని ఇంటికి వెళ్లాక తలుపు తీసేది ఎవరు? ఆవిడ ఏమి అడుగుతుంది? అది రాసి పంపు.

నాన్నకు నమస్కారాలు చెప్పు. అమ్మమ్మకు ఉన్ని శాలువ ఒకటి కొన్నాను, వచ్చే నెల తెలిసినవాళ్లు వస్తున్నారు, వాళ్ల చేత పంపుతాను.

నీ పిన్ని