బిల్లు చూడని బహిష్కరణ

సంపాదకుల వారికి,

జనాన్ని అణిచే ప్రభుత్వాలకు నిఘా సామగ్రి అమ్మే కంపెనీల వస్తువులు కొనొద్దన్న పిలుపు తరచూ వినిపిస్తోంది. పిలుపుతో మాకు పేచీ లేదు. ఏది కొనకూడదో తేల్చే పని ఎవరూ పెట్టుకోకపోవడంతోనే పేచీ. పేరున్న బ్రాండు ఒకటి దొరికితే చాలు, దాని మీద పడిపోతున్నాం. అసలు యంత్రం మాత్రం వేరే పేరుతో, వేరే బిల్లుతో చేరాల్సిన చోటికి చేరిపోతోంది.

ఈ సంగతి బాగా తెలియాలంటే పోలరాయిడ్ దగ్గరికి వెళ్లాలి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి, 1970. ఆ కంపెనీలో కెమిస్టుగా ఉన్న కరోలిన్ హంటర్, ఫొటోగ్రాఫర్ కెన్ విలియమ్స్ కంట ఒక నమూనా గుర్తింపు కార్డు పడింది. ఫొటో తమకు తెలిసిన నల్లజాతి సహోద్యోగిది. కార్డు మీదున్న పేరు దక్షిణాఫ్రికా గనుల శాఖది. అక్కడ అప్పట్లో పదహారేళ్లు దాటిన ప్రతి నల్లజాతి మనిషి దగ్గరా పాసుపుస్తకం ఉండి తీరాలి. మన పట్టాదారు పాసుపుస్తకం అనుకునేరు. ఇది నల్లవారి రాకపోకలను అదుపు చేసే గుర్తింపు పుస్తకం, చూపించలేకపోతే నేరుగా జైలుకే. డార్క్‌రూమ్ జోలి లేకుండా నిమిషంలో రెండు ఫొటోలు చేతిలో పెట్టే పోలరాయిడ్ ఐడీ-2 కెమెరా అలాంటి పని చేసే ఆఫీసుకు ఎంత అక్కరకొస్తుందో వేరే చెప్పాలా?

ఆ అక్టోబరులోనే వాళ్లిద్దరూ బహిష్కరణకు పిలుపిచ్చారు. డిమాండ్లు మూడే: దక్షిణాఫ్రికా నుంచి బయటికి రావాలి, వర్ణవివక్షను బహిరంగంగా ఖండించాలి, అక్కడ వచ్చిన లాభం విముక్తి ఉద్యమాలకు ఇవ్వాలి. కంపెనీ నలుగురు ఉద్యోగులను అక్కడికి పంపి చూసి రమ్మంది. 1971 జనవరిలో పత్రికల్లో పేజీ నిండా ప్రకటనలు వేసింది. డిస్ట్రిబ్యూటరు దగ్గర పనిచేసే నల్లవారికి జీతాలు పెంచుతామని, వాళ్ల చదువులకు డబ్బిస్తామని, ఏడాది ప్రయోగం చేసి చూస్తామని చెప్పింది. ప్రభుత్వానికి అమ్మేది లేదనీ మాటిచ్చింది. ఫిబ్రవరిలో హంటర్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది.

ఆ మాట ఆరేళ్లకు పైగా కాగితం మీద చెక్కుచెదరకుండా ఉంది. అక్కడి డిస్ట్రిబ్యూటరు ఫ్రాంక్ అండ్ హిర్ష్ మాత్రం ఫిల్మును ప్రభుత్వ శాఖలకు పంపుతూనే ఉన్నాడు. పెట్టెల మీద గుర్తులుండవు, బిల్లేమో జొహానెస్‌బర్గ్‌లోని ఒక మందుల షాపు పేరు మీద. ఆ సంస్థలో పనిచేసిన ఇంద్రస్ నాయుడు డెలివరీ నోటు నకలు బయటపెట్టాడు. 1977 నవంబరులో అది బోస్టన్ గ్లోబ్‌లో వచ్చింది. పోలరాయిడ్ ఆ డిస్ట్రిబ్యూటరుతో తెగతెంపులు చేసుకుని ఆ దేశం నుంచి తప్పుకుంది. ఏడేళ్ల ఊరేగింపులు వృథా అని మేం అనం. అవి లేకపోతే ఆ నోటును పట్టించుకునేవాడే ఉండేవాడు కాదు. కానీ తలుపు తెరిచింది మాత్రం ఆ కాగితమే.

గురి ఎలా తప్పుతుందో నోకియా కథలో కనిపిస్తుంది. 2008లో నోకియా సీమెన్స్ నెట్‌వర్క్స్ ఇరాన్ టెలికాం కంపెనీకి ఫోన్లపై నిఘా పెట్టే మానిటరింగ్ సెంటర్ అమ్మింది. మరుసటి ఏడు జూన్ ఎన్నికల తర్వాత వీధుల్లోకి వచ్చినవాళ్లను అరెస్టులు చేస్తుండగా ఈ సంగతి పత్రికలకెక్కింది. టెహ్రాన్‌లో జనం నోకియా ఫోన్లు కొనడం మానేశారు. అమ్మకాలు సగానికి పడ్డాయని కొందరు దుకాణదారులు విలేకరులకు చెప్పారు. అయితే అమ్మింది నోకియా, సీమెన్స్ సగం సగం పెట్టుబడితో నడిపిన ఉమ్మడి సంస్థ. పైగా ఆ మానిటరింగ్ విభాగాన్ని 2009 మార్చి 31నే, అంటే గొడవ మొదలవడానికి ముందే, పెరూసా అనే పెట్టుబడి నిధికి అమ్మేశారు. అది ట్రోవికోర్ పేరుతో మ్యూనిక్ నుంచి నడిచింది. ట్రోవికోర్ ఫోను ఏ దుకాణంలోనూ దొరకదు, బహిష్కరించడానికి.

ఇక్కడ చాలామంది కలగాపులగం చేసే సాంకేతిక విషయం ఒకటుంది. ఫలానా నంబరు కాల్స్‌కు నకలు తీసి పంపే సదుపాయం కాల్స్‌ను కలిపే యంత్రమైన మొబైల్ స్విచ్చిలోనే ఉంటుంది. యూరప్ సహా చాలా దేశాల్లో చట్టాలు దాన్ని కోరతాయి, అది లేకుండా అక్కడ స్విచ్చి అమ్మడం కష్టం. ఆ నకళ్లన్నీ వచ్చి చేరే చోటు మానిటరింగ్ సెంటర్. ఎవరు ఎవరితో, ఎక్కడి నుంచి, ఎంతసేపు మాట్లాడారో భద్రపరిచి, వెతికి, జోడించి చూపేది అదే. మొదటిది తీసేయమంటే ‘చట్టం ఒప్పుకోదు’ అని కంపెనీ చేతులు దులుపుకుంటుంది. రెండోది అమ్మొద్దు, అమ్మినదానికి మరమ్మతులు, అప్‌డేట్లు ఇవ్వొద్దు అంటే ఆ సాకు పనిచేయదు. ఒత్తిడి మొత్తానికి ఊరికే పోలేదు: 2011 డిసెంబరులో ఇరాన్‌లో కొత్త వ్యాపారం తీసుకోబోమని ఉమ్మడి సంస్థ ప్రకటించింది.

మధ్యవర్తి దారి ఇప్పటికీ మూతపడలేదు. 2011లో అమెరికన్ కంపెనీ బ్లూకోట్ తయారుచేసిన, ఇంటర్నెట్‌ను వడకట్టే ఫిల్టరింగ్ పరికరాలు సిరియాలో తేలాయి. ఇరాక్, అఫ్గానిస్థాన్‌ల కోసమని దుబాయ్ డిస్ట్రిబ్యూటరు ఆర్డరు పెట్టాడు. ఆ డిస్ట్రిబ్యూటరుకు 2013లో అమెరికా వాణిజ్య శాఖ 28 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఫోన్లలోకి చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్‌ను అమ్మే ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ విషయంలోనైతే కొనుగోలుదారుడి చేతిలో ఏమీ లేదు. అక్కడ పట్టుకోవాల్సింది పెట్టుబడిని. దాన్ని కొన్న నోవల్‌పినా నిధిలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్ సొమ్ము ఉండేది. ఆ ఉద్యోగులు అడగగలిగేవారు, మనం అడగలేం.

మన చేతిలో ఉన్నది ఒక్కటే, సీసీ కెమెరా. చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఉయ్‌గర్ ముస్లింలపై సాగుతున్న అణచివేతకు తోడ్పడ్డాయంటూ 2019 అక్టోబరులో అమెరికా చైనా కెమెరా కంపెనీలు హిక్‌విజన్, దాహువాలను ఆంక్షల జాబితాలో పెట్టింది. ఈ రెండు కంపెనీల సరుకు వాటి పేరుతోనే కాక వేరే లేబుళ్లతోనూ ప్రపంచమంతా అమ్ముడవుతుంది. ఈజ్‌విజ్, హైలుక్ హిక్‌విజన్‌వే. ఇమో దాహువాది. పెట్టె మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంటే విడిభాగాలు ఇక్కడ కూర్చారని మాత్రమే అర్థం కావచ్చు.

లేబుల్ కింద ఎవరున్నారో తెలుసుకోవడానికి ముందు డీలర్ ఏ మొబైల్ యాప్ వేసుకోమన్నాడో చూడండి. హిక్‌కనెక్ట్ అయితే హిక్‌విజన్, డీఎంఎస్‌ఎస్ అయితే దాహువా. లేబుల్ కంపెనీ సొంత యాప్ చేయించుకుంటే ఈ గుర్తు చిక్కదు. అప్పుడు రూటర్‌లోకి వెళ్లి, కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) చూడాలి. మొదటి ఆరు అక్షరాలు తయారీదారుకు కేటాయించినవి, వాటిని కేటాయించే ఐట్రిపుల్‌ఈ సంస్థ రిజిస్టర్‌లో వెతికితే పేరు వస్తుంది. ఇక్కడ పొరబడే చోట్లు మూడు. కెమెరాలను నేరుగా ఎన్‌వీఆర్ (కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) వెనకున్న సాకెట్లకే కలిపితే రూటర్‌కు ఎన్‌వీఆర్ ఒక్కటే కనిపిస్తుంది. వైఫై కెమెరా అయితే ఆ అక్షరాలు వైఫై చిప్పు చేసినవాడివి కావచ్చు. పాత కోయాక్సియల్ కేబుల్ కెమెరాలకు అసలు మ్యాక్ అడ్రసే ఉండదు, వాటి రికార్డరైన డీవీఆర్‌నే చూడాలి. అప్పటికీ తేలకపోతే పరికరంలో తెరిచి ఉన్న పోర్టుల (డేటా వచ్చిపోయే ద్వారాల) నంబర్లు చూడమని నెట్‌వర్క్ తెలిసినవాళ్లను అడగండి. 37777 దాహువా అలవాటు, 8000 హిక్‌విజన్ అలవాటు. నంబరు మార్చుకోవచ్చు కాబట్టి ఇది ఒక్కటే సాక్ష్యం కాదు.

ఇప్పటికే గోడకున్న కెమెరాలు పీకేయడం వల్ల కంపెనీకి పైసా నష్టం లేదు, దాని డబ్బు ఎప్పుడో ముట్టింది. వాటికి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి (పాస్‌వర్డ్ లేకుండానే పరికరం బయటివాడి చేతికి చిక్కే లోపాన్ని హిక్‌విజన్ 2021 సెప్టెంబరులో సరిచేసింది, ఆ అప్‌డేట్ వేయని పరికరాలు ఇంకా ఉన్నాయి), అక్కర్లేకపోతే క్లౌడ్ కనెక్షన్ ఆపేయండి. దెబ్బ తగిలేది కొత్త కొనుగోలు దగ్గరే. విడి ఇల్లు నాలుగు కెమెరాలు మానుకుంటే ఎవరికీ పట్టదు. అరవై, డెబ్బై కెమెరాలు పెట్టే అపార్ట్‌మెంట్ సంఘమో కాలేజీయో అడిగితే డీలర్ వింటాడు. కొటేషన్‌లో లేబుల్ పేరు ఒక్కటే రాస్తే ఒప్పుకోవద్దు. అసలు తయారీదారు, మోడల్, ఫర్మ్‌వేర్ ఎవరిదో రాయించుకోండి. అవే ఇన్‌వాయిస్ మీద కూడా ఉండాలని, బిగించాక మ్యాక్ అడ్రసులు సరిచూసేదాకా చివరి పది శాతం ఆపుతామని ముందే చెప్పండి. ‘అందరూ ఇవే వేయించుకుంటున్నారు సార్’ అనేవాడు ఈ మూడు గడులు నింపడానికి ఒప్పుకోకపోతే, ఎందుకో మీకు తెలిసినట్టే.

షిన్‌జియాంగ్‌లో ఐదు అనుబంధ సంస్థల కాంట్రాక్టులు ముగిస్తున్నట్టు హిక్‌విజన్ 2024 డిసెంబరులో తెలిపింది. ఇక బహిష్కరణ ఎందుకని కొందరు అంటున్నారు. అక్కడ ఇప్పటికే స్తంభాలకున్న కెమెరాలకు విడిభాగాలు, అప్‌డేట్లు రేపు ఎవరి బిల్లు మీద వెళ్తాయన్నది ఆ ప్రకటనతో తేలే విషయం కాదు. జొహానెస్‌బర్గ్ మందుల షాపు కూడా ఏ ప్రకటనలోనూ లేదు.

— ఇద్దరు నెట్‌వర్క్ ఇంజినీర్లు, హైదరాబాద్