పైతాన్ ల్యాబుల్లో ఆటలు రాయించండి

సంపాదకుడికి,

మన విశాఖ ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రోగ్రామింగ్ ల్యాబంటే ఫిబొనాచీ, పాలిండ్రోమ్, ప్రధాన సంఖ్యలే. సీనియర్ రికార్డు చూసి ఎత్తిరాసినా మార్కులు వచ్చేస్తాయి. సెమిస్టర్ చివరి ఐదారు ల్యాబుల్లోనైనా పిల్లల చేత చిన్న ఆట రాయించమని కాలేజీలను కోరుతున్నాం.

ఆటలు తయారుచేసే పెద్ద సాఫ్ట్‌వేర్ యూనిటీతో మొదలుపెట్టొద్దు. పాత కంప్యూటర్లు మొరాయిస్తాయి, మెనూలు తెలుసుకోవడానికే పీరియడ్లు చాలవు. పైతాన్ భాష కాస్త వస్తే, అందులో ఆటలు రాయడానికి వాడే పైగేమ్ లైబ్రరీ చాలు. ఉచితం, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

మొదటి రోజు ఒక చతురస్రాన్ని యారో కీలతో జరిపించండి. సెకనుకు 50 పిక్సెళ్ల వేగం, 60 ఫ్రేములు (అంటే తెరను 60 సార్లు గీయడం) అనుకుంటే ఫ్రేముకు 0.83 పిక్సెల్. పైగేమ్‌లో బొమ్మ స్థానాన్ని ఉంచే రెక్ట్ పూర్ణాంకాలనే దాచుకుంటుంది. 100కి 0.83 కలిపితే దశాంశం తెగి మళ్లీ 100కే వస్తుంది. తీసేస్తే 99.17, అంటే 99. బొమ్మ ఎడమకు పోతుంది, కుడికి మాత్రం కదలనే కదలదు! ఇంట్‌కీ (పూర్ణాంకం) ఫ్లోట్‌కీ (దశాంశ సంఖ్య) తేడా బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఇంతగా తలకెక్కదు. స్థానాన్ని వేరే ఫ్లోట్ వేరియబుల్‌లో ఉంచి, గీసే ముందు రెక్ట్‌కి అందిస్తే సరిపోతుంది.

తర్వాత షూటింగ్ ఆట. శత్రువుల లిస్టు మీద లూప్ తిరుగుతుండగానే తూటా తగిలిన శత్రువును అందులోంచి తీసేస్తే, దాని పక్కవాడు పరీక్షకే రాకుండా తప్పించుకుంటాడు. లిస్టు కాపీ మీద లూప్ తిప్పాలి. బొమ్మ ఫైలును ఆట లూప్ లోపలే, అంటే ప్రతి ఫ్రేముకూ లోడ్ చేస్తే ఆట నత్తనడకే.

షూటింగ్ ఆటలంటే పడనివాళ్లకు వైకుంఠపాళి ఇవ్వండి. పాములు, నిచ్చెనలు ఒక డిక్షనరీలో (ఏ గడి నుంచి ఏ గడికి అనే జతల పట్టికలో) సర్దుకుంటాయి. అసలు చిక్కు గడి అంకెను వరుస, నిలువులుగా మార్చడంలో ఉంది: అంకెలో 1 తగ్గించి 10తో భాగిస్తే భాగఫలం వరుస, శేషం నిలువు. వరుస బేసి అయితే 9లోంచి శేషాన్ని తీసెయ్యాలి. వరుసల లెక్క 0 నుంచి మొదలవుతుందని మరిస్తే పావు ఎదురుదిశలో నడుస్తుంది. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్‌కి పులిజూదం బాగుంటుంది, ఆ పటమే ఒక గ్రాఫ్, అంటే గీతలతో కలిపిన బిందువులు.

నెట్‌లోంచి కోడ్ దించేస్తారన్న భయం నిజమే. వైవాలో అప్పటికప్పుడు ఒక మార్పు చేయించండి: కొత్త పాము చేర్చు, 6 పడితే మరో పందెం ఇవ్వు. స్కోరు పనిచేసేదాకా బొమ్మలకు బదులు రంగు చతురస్రాలే వాడనివ్వండి. లేకపోతే సమయమంతా బొమ్మలు వెతకడానికే పోతుంది.

ల్యాబులో నెట్ లేకపోతే పైగేమ్ వీల్ ఫైలును (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీని) ముందే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. అక్కడున్న పైతాన్ వెర్షన్ చూసి మరీ దించుకోండి. 3.8 కోసం చేసిన ఫైలు 3.12లో ఎక్కదు.

– కొందరు ప్రోగ్రామింగ్ అధ్యాపకులు, విశాఖపట్నం